ఎవరూ చెప్పని వరుస

టేకులపల్లి నుంచి జూలూరుపాడు వైపు అడవి అంచున ఒక ఊరుంది. ఆ ఊరి చేల మధ్య నిలబెట్టిన ట్రాన్స్‌ఫారం ఒకే మిరప పంటలో మూడుసార్లు కాలింది. మొదటిసారి కాలినప్పుడు అది పాతదైపోయిందనుకున్నాం. రెండోసారి రిపేరు షెడ్డువాళ్లు సరిగా చుట్టలేదనుకున్నాం. మూడోసారి కాలేసరికి తప్పు మోపడానికి ఎవరూ మిగల్లేదు, ఆ సెక్షన్‌కి ఏఈగా ఉన్న నేను తప్ప.

కరెంటు డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరుతున్న పిల్లలకు క్లాసు చెప్పమని ఈమధ్య నన్ను పిలుస్తున్నారు. ప్రతి మోటారుకూ ఒక సెన్సర్ పెట్టి, ఆఫీసులో కూర్చునే ఏది ఎప్పుడు తిరగాలో నిర్ణయించవచ్చని వాళ్లు ఉత్సాహంగా చెబుతారు. పెట్టండి, మంచిదే. దానికి ముందు ఈ ట్రాన్స్‌ఫారం సంగతి వినండి.

అది పన్నెండు మోటార్లను మోయగలదు. దాని మీద ఇరవై దాకా ఉండేవి. మొదట్లో సరిపోయేదే. ఏటా ఒకటో రెండో బోర్లు పడ్డాయి, ఎవరి అవసరం వాళ్లది. ట్రాన్స్‌ఫారానికి దగ్గర పొలాలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులవి. లైను అక్కణ్ణుంచి వాగు దాటి తండా చేలమీదుగా వెళ్లి, అడవి అంచున తవ్విన కందకం దగ్గర ఆగిపోతుంది. అక్కడున్న ఆఖరి బోరు ఒకామెది. ఆమె భర్త పాల్వంచలో షిఫ్టుల మీద కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. రెండెకరాల మిరపా ఆమె చేతిమీదే నడిచేది.

అప్పట్లో త్రీఫేజ్ కరెంటు పగలు కొన్ని గంటలే ఇచ్చేవాళ్లం. కరెంటు వచ్చిందంటే అందరి మోటార్లూ ఒక్కసారే లేచేవి, ఎందుకంటే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. రైతు ఇంట్లో ఉన్నా, సంతలో ఉన్నా, చేను తడిగా ఉన్నా, మోటారు మాత్రం తిరగాల్సిందే. వచ్చినప్పుడే పట్టుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయం. ఇన్ని మోటార్లు కలిసి లేస్తే లైను చివర్న ఓల్టేజి పడిపోతుంది. ఆఖరి మోటారు గుర్రుమంటుంది కానీ తిరగదు. తిరగని మోటారు ఊరికే ఉండదు, తిరిగేదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. అట్లా కందకం దగ్గరామె మోటారు వైండింగ్ రెండుసార్లు మాడిపోయింది, ఆ లాగుడుకు పైన ట్రాన్స్‌ఫారమూ మాడిపోయింది. గుట్టెక్కి చూస్తే పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించేంత దగ్గరలో ఉంది ఆ ఊరు. అంత దగ్గర్లో అంత కరెంటు తయారవుతుంటే, మాకెందుకు లేదని వాళ్లు అడుగుతుండేవాళ్లు.

రెండోసారి కాలాక, చదువుకున్నవాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను: టైం టేబుల్ వేశాను. ఊరిని రెండు భాగాలు చేసి, కరెంటు గంటల్లో ముందు సగం ట్రాన్స్‌ఫారం దగ్గరి పైవాళ్లకు, తరవాతి సగం వాగు అవతలి కిందివాళ్లకు అన్నాను. పంచాయతీ గోడకు అంటించాం. అందరూ తలలూపారు. కొన్ని రోజులు నేనూ, మా లైన్‌మనూ పొద్దున్నే వెళ్లి ట్రాన్స్‌ఫారం దగ్గర నిలబడ్డాం. మేం నిలబడినన్నాళ్లూ అది చక్కగా నడిచింది. మిగతా సెక్షన్‌లో లైన్లు తెగి పడి ఉన్నా చూసేవాళ్లు లేకపోయారు. సరే, అలవాటైంది కదా అని మేం వచ్చేశాం. వారం తిరక్కుండా అది మూడోసారి కాలింది.

కారణం కనుక్కుంటే ఎవరిదీ దుర్మార్గం కాదు. ఒకనాడు పైవాళ్ల వంతులో కరెంటు మధ్యలో పోయింది. పోయిన గంట తమకు ఇవ్వాలని వాళ్లు, తమ వంతు తమకు కావాలని కిందివాళ్లు. ఆ తగవుకు నా కాగితంలో జవాబు లేదు. జవాబు లేనిచోట అందరూ పాత దారే పట్టారు.

మా లైన్‌మన్ నాకన్నా వయసులో పెద్ద, ఆ పక్క తండావాడే. నేను అన్నా అనే పిలిచేదాన్ని. మనిషి మెత్తన, మాట తక్కువ. మూడోసారి కాలిన రోజు ఫ్యూజు డబ్బా తెరిచి చూపించాడు. ఫ్యూజు వైరు ఉండాల్సిన చోట చిటికెన వేలంత అల్యూమినియం తీగ మెలేసి ఉంది. దానికి లోడెంత పెరిగినా ఏమీ కాదు. తెగాల్సింది తెగకపోతే కాలకూడనిది కాలుతుంది.

ఎవరు పెట్టారిది అని అడిగాను.

"ఒక్కలని ఎవర్ని చెప్పాలె మేడం?" అన్నాడు. "అందరూ పెట్టినోళ్లే. ఫ్యూజు పోతే నేను వచ్చేదాంక మోటార్లు ఆగాలె గదా. ఆగుతరా?"

మరునాడు రైతులు ఆఫీసుకు వచ్చారు. పూత నిండుగా ఉన్న కాలం. ముందు నిలబడ్డాయన ట్రాన్స్‌ఫారం పక్కన పొలం ఉన్న పెద్ద రైతు. తాత కాలంలోనే కోస్తా వదిలి వచ్చినా మాటలో ఆ యాస పోలేదు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. పెద్ద ట్రాన్స్‌ఫారం వేయించండి, అన్నిటికీ అదే మందు అన్నాడు. అడిగినదాంట్లో అన్యాయం లేదు. కొత్తగూడెంలో ఉండే మా పైఅధికారి ఏడీఈకి ఫోన్ చేశాను. పెద్దది పంట చేతికొచ్చేలోపు రాదనీ, రిపేరై షెడ్డులో ఉన్న పాత సైజుది ఒక్కటే ఇవ్వగలననీ, అదీ కాలితే ఇక తన దగ్గరేమీ లేదనీ ఆయన చెప్పారు. చివర్న, ఇంకోసారి కాలితే మీరే జవాబు చెప్పాలమ్మా అని కూడా అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ ఆ అల్యూమినియం తీగ గురించే ఆలోచించాను. ట్రాన్స్‌ఫారం బలం పన్నెండు మోటార్లే. లావు తీగ పెట్టినంతమాత్రాన ఆ బలం పెరగలేదు, దాని హద్దు కనబడకుండా పోయింది, అంతే. కనబడని హద్దును ఎవరు చూసి ఆగుతారు? నేను వేసిన టైం టేబుల్ కూడా అలాంటిదే. అది నా హద్దు, ట్రాన్స్‌ఫారానిది కాదు. నన్ను చూసి ఆగినవాళ్లు నేను పోగానే కదిలారు. దిగే స్టేజీ వచ్చేసరికి ఏం చేయాలో తేల్చుకున్నాను.

రిపేరైన ట్రాన్స్‌ఫారాన్ని ట్రాక్టర్‌లో తెచ్చి ఎక్కించిన రోజు రైతులందరినీ అక్కడికే రమ్మన్నాను. వాళ్ల ముందే సరైన కొలత ఫ్యూజు వైరు వేయించి, డబ్బాకు తాళం పెట్టించాను. ఎవరు ఎప్పుడు మోటారు వేసుకోవాలో ఇక నేను చెప్పనన్నాను. టైం టేబుల్ రద్దు. పన్నెండు దాటితే ఫ్యూజు పోతుంది. పోతే లైన్‌మన్ మధ్యాహ్నం ఒక్కసారి వచ్చి వేస్తాడు, మళ్లీ పోతే మర్నాడు మధ్యాహ్నమే.

పెద్ద రైతు నా వైపు వింతగా చూశాడు. "అంటే మమ్మల్ని మాకే వదిలేస్తున్నారా అండీ?"

"పన్నెండు మోటార్లు వదిలేస్తున్నా" అన్నాను. "ఎట్ల పంచుకుంటరో మీ ఇష్టం."

తాళం పగలగొడితే అని వెనక నుంచి ఎవరో అడిగారు. పగలగొట్టొచ్చు, కాలితే షెడ్డులో ఇంకోటి లేదు, ఇది బెదిరింపు కాదు, ఏడీఈ గారినే అడగండి అన్నాను. ఒకాయన అక్కడే ఫోన్ చేసి అడిగాడు. ఏడీఈ గారూ అదే చెప్పారు. తాళం జోలికి తరవాత ఎవరూ పోలేదు.

తిరిగి వస్తుంటే మా లైన్‌మన్ దారిలో బండి ఆపి అన్నాడు: "కొట్టుకుంటరు మేడం."

కొట్టుకున్నారు కూడా, దాదాపుగా. మొదటిరోజు కరెంటు వచ్చిన క్షణంలోనే ఫ్యూజు పోయింది. మధ్యాహ్నం వేశాడు, వెంటనే పోయింది. రెండోరోజూ అంతే. ఊళ్లో ఒకరి ఆటో స్టార్టర్‌ను ఇంకొకరు రాయితో పగలగొట్టారని కబురొచ్చింది. వాగు దగ్గర రెండు కుటుంబాలు కర్రలదాకా వెళ్లి ఆగాయని లైన్‌మన్ చెప్పాడు. ఇట్ల లాభం లేదు, పోయి వంతులు చెప్పి రాండి అని నన్ను బతిమాలాడు. నేను పోలేదు. అది సగం ధైర్యం, సగం భయం. వెళితే మళ్లీ నేనే ఫ్యూజునవుతానని మాత్రం తెలుసు.

అప్పుడే కందకం దగ్గరామె ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పూత రాలుతుంది మేడం" అంది. "మీరు వచ్చి చూస్తరని ఊరంత ఎదురుచూస్తున్నరు. మీరేమో గిట్ల కూసున్నరు."

నేను వస్తే ఏం చేయాలంటావని అడిగాను. తన మోటారు అందరికన్నా ముందు ఎక్కాలని చెప్పమంది. పైవన్నీ లేచాక తనది ఎత్తుకోదు కాబట్టి. ఆ మాట నాతో కాదు, పైవాళ్లతో చెప్పమన్నాను. ఆమె ముఖం చూస్తే నాకు కష్టంగానే అనిపించింది. వాళ్లు తన మాట వినరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్లింది.

ఆ తరవాత కొన్ని రోజులు లైన్‌మన్ రోజూ మధ్యాహ్నం వెళ్లి ఫ్యూజు వేసి వస్తూనే ఉన్నాడు. ఒకరోజు తొందరగా తిరిగొచ్చాడు. ఏమైందంటే, ఫ్యూజు పోలేదన్నాడు. కరెంటే రాలేదేమో అనుకుని సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను. వచ్చింది. మర్నాడూ ఫ్యూజు పోలేదు. మూడోనాడు పొద్దున్నే ఇద్దరం ఎవరికీ చెప్పకుండా వెళ్లి, కరెంటు వచ్చే వేళకు ట్రాన్స్‌ఫారం దగ్గర నిలబడ్డాం.

ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను మరవనిది ఆ పొద్దు. కరెంటు వచ్చింది. ట్రాన్స్‌ఫారం సన్నగా హమ్మంది. ఆటో స్టార్టర్లన్నీ తీసేసినట్టున్నారు, ఒక్క మోటారు కూడా లేవలేదు. కాసేపటికి దూరంగా అడవి వైపు నుంచి ఒక మోటారు చప్పుడు మొదలైంది. అది కుదురుకున్నాక దాని ఇవతల ఇంకొకటి. కొంచెం ఆగి, వాగు అవతల మరొకటి. చప్పుడు చివర నుంచి మెల్లగా మా వైపు నడిచివచ్చింది. మధ్యలో ఎక్కడో ఒక మోటారు ఆగింది, వెంటనే ఇంకోచోట ఒకటి లేచింది. పెద్ద రైతు తన షెడ్డు ముందు గడపమీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన మోటారు ఇంకా వేయలేదు. లైన్‌మన్ నా వైపు చూసి, మీరు చెప్పిండ్రా మేడం అన్నట్టు తలెగరేశాడు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

పెద్ద రైతు దగ్గరికి వెళ్లి, ఈ వరుస ఎవరు పెట్టారని అడిగాను.

"ఎవరు పెడతారండీ?" అన్నాడు. "ఆ చివరావిడ మోటారు ఆఖర్న ఎక్కిందంటే ఫ్యూజు పోయినట్టే. రెండు మూడు సార్లు చూశాం. ముందు ఆవిడ ఎక్కించుకుంటేనే మాకూ నీళ్లు. ధర్మం కోసం కాదండీ, అట్లా అనుకోకండి."

అట్లా అనుకోలేదు. ఆయన లెక్క సరైనదే. నిండు ఓల్టేజి ఉన్నప్పుడు ఆమె మోటారు ఇట్టే ఎత్తుకుని తక్కువ కరెంటుతో తిరుగుతుంది. ఆలస్యమైతే గుర్రుమంటూ అందరి కరెంటూ లాగేస్తుంది. ముందు తిరగడం ఆమెకెంత మేలో పైవాళ్లకూ అంతే మేలు. నేను మీటింగ్‌లో న్యాయం అంటూ చెప్పి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు.

వాగు ఇవతలి రైతును అడిగితే ఇంకో మాట చెప్పాడు. షెడ్డులో బల్బు వెలుగు తగ్గితే ఇక ఎక్కించడట, మళ్లీ పెరిగేదాకా ఆగుతాడట. ఎవరు చెప్పారని అడిగితే, బల్బే చెప్తది గద మేడం అన్నాడు. ఇంకొకాయన తన చేను తడారలేదని ఆ రోజు మోటారే వేయలేదు. ఆటో స్టార్టర్ ఉన్నన్నాళ్లూ తడి చేలో కూడా నీళ్లు పారించినవాడే. ఇరవై మోటార్లు పన్నెండింటిలో ఎట్లా ఇమిడాయో నాకప్పుడు అర్థమైంది. ఏ రోజూ ఇరవై మందికీ నీళ్లు అవసరం లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ ఆగి చూసుకోలేదు.

చివరిదాకా నడిచి కందకం దగ్గరికి వెళ్లాను. ఆమె మిరప బోదెల్లోకి నీళ్లు మళ్లిస్తూ మడవలు తిప్పుతోంది, మోకాళ్లదాకా బురద. నన్ను చూసి పార ఆనించి నిలబడింది.

"నువ్వు చెప్తే విన్నరా?" అన్నాను.

"వినలే" అంది. "ఆళ్ల ఫ్యూజు పోయినంక విన్నరు."

నా వైపు పూర్తిగా తిరగకుండానే మళ్లీ మడవ మీదికి వంగింది. నామీద కోపం అప్పటికి ఇంకా పోలేదు.

ఆ కోపం న్యాయమైనదే. కొట్లాడుకున్న ఆ రోజుల్లో వాగు దగ్గర ఒక అరెకరం మిరప ఎండిపోయింది. దాని యజమాని, వరుస కుదిరాక కూడా, నేను ఎదురైతే పక్కకు తిరిగి వెళ్లిపోయేవాడు. మీరు ఇలాంటి పని ఎప్పుడైనా చేస్తే ఆ అరెకరాన్ని కూడా గుర్తుపెట్టుకోండి. నేను మళ్లీ అక్కడే ఉంటే మళ్లీ అదే చేస్తాను. కానీ ఉచితంగా జరిగిందని మాత్రం ఎవరికీ చెప్పను.

కొద్దిరోజులకు మా ఏడీఈ చూడడానికి వచ్చారు. పుస్తకాలు చదివే మనిషి, ఊరకే నమ్మేవారు కాదు. క్లాంప్ మీటరుతో లోడు చూసి, తరవాత లైను ఆపించి, నిచ్చెన వేయించుకుని ఎక్కి, ట్రాన్స్‌ఫారం ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉన్నారు. గోరువెచ్చగా ఉందన్నారు. దిగాక నన్ను అడిగారు, మనం కాలేజీలో ఏం చదివాం, శక్తి చెదిరిపోతూనే ఉంటుంది, ఎంట్రోపీ అనే ఆ గజిబిజి పెరుగుతూనే ఉంటుంది, ఏదీ తనంతట తాను సర్దుకోదు, మరి ఇక్కడ ఇదెట్లా సర్దుకుంది అని.

నేను పప్పు ఉడకడం గురించి చెప్పాను. సన్న సెగ మీద నీళ్లు ఊరికే వేడెక్కుతాయి. సెగ కొంచెం పెంచితే గింజలు నడుమ లేచి అంచుల్లో దిగుతూ ఒక పద్ధతిగా తిరగడం మొదలుపెడతాయి. గరిటె పెట్టి తిప్పినవాళ్లు లేరు. కింద నుంచి వేడి వస్తోంది, పైనుంచి పోవాలి, ఉన్న జాగా గిన్నె అంతే. ఆ వేడి బయటపడడానికి సులువైన దారి అట్లా తిరగడమే. అందుకని తిరుగుతాయి. సెగ మరీ పెంచితే పొంగి పొయ్యి ఆరుతుంది. మన ఊరు ఇన్నాళ్లూ పొంగుతూ ఉండింది సార్ అన్నాను.

ఆయన నవ్వారు, కానీ వదల్లేదు. గిన్నెలో వరుస ఏర్పడినంత సేపూ వంటిల్లు వేడెక్కుతుంది, ఆ లెక్క కూడా చెప్పండి అన్నారు. నిజమే. ఎంట్రోపీని ఎవరూ ఓడించలేరు. లోపల కాస్త క్రమం కుదరాలంటే బయటికి అంతకన్నా ఎక్కువ వేడి పారేయాలి. ఈ ఊరు పారేసిన వేడి ఏమిటో మాకిద్దరికీ తెలుసు: పోయిన ఫ్యూజులు, పగిలిన స్టార్టరు, వాగు దగ్గర కర్రలు, ఎండిన అరెకరం. టైం టేబుల్ వేసినప్పుడు ఆ వేడంతా నేనూ లైన్‌మనూ మోయబోయాం. ఇద్దరు మనుషులు మోయగలిగింది కాదది.

ఆ ఏడు ట్రాన్స్‌ఫారం మళ్లీ కాలలేదు. మిరప కోతకొచ్చింది, కల్లాలు ఎర్రబడ్డాయి. పెద్ద రైతు ఆఫీసుకు వచ్చి, పెద్ద ట్రాన్స్‌ఫారం అర్జీ మాత్రం మరిచిపోకండి అని గుర్తుచేసి వెళ్లాడు. మరుసటి ఏడు అది వచ్చింది కూడా. హద్దు జరిగింది, దాంతో వరుస అవసరమూ తీరిపోయింది. కరెంటు రాగానే ఎవరి మోటారు వాళ్లు వేసుకున్నారు. నాకేమీ బాధ కలగలేదు. వాళ్లు దాన్ని కాపాడుకోవాలని కనిపెట్టింది కాదు, నీళ్ల కోసం కనిపెట్టింది.

అయితే పెద్దది వచ్చేలోపు మేం ఒక తెలివితక్కువ పని చేశాం. ఏడీఈ గారికి ఈ వరుస ఎంత నచ్చిందంటే, జూలూరుపాడు వైపు ఇంకో ఊళ్లోనూ ఇదే గొడవ ఉందని తెలిసి, చివరి మోటారు నుంచి మొదలుపెట్టాలని అక్కడ ఆర్డరు ఇప్పించారు. నేనూ ఒప్పుకున్నాను, సంబరంగానే. అక్కడ వారాల తరబడి రోజూ ఫ్యూజు పోయింది. ఆ ఊళ్లో లైను చివరున్నది అందరికన్నా పెద్ద ఆసామి, ఆయనకే మూడు మోటార్లు. అవి ముందు లేస్తే ఇక ఆగేవి కావు. పైన ఉన్నవాళ్లకు ఆగడంలో లాభమేమీ కనబడలేదు. పక్క ఊళ్లో కుదిరిన వరుసను కోసి తెచ్చి ఇక్కడ నాటబోయాం, వేరు అక్కడే ఉండిపోయింది.

చివరికి ఆ ఊరు వెళ్లి, అందరి ముందూ ఆర్డరు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పాను. సరైన ఫ్యూజు వేయించి, తాళం పెట్టించి, మధ్యాహ్నం ఒక్కసారే వేస్తామన్నాను. ఒక పెద్దాయన కర్ర ఊతంతో ముందుకొచ్చాడు.

"గట్లయితే ఇప్పుడు మమ్మల్ని ఏం చెయ్యమంటవు బిడ్డా?"

నాకు తెలియదు పెదనాయనా అన్నాను.

ఆయన నన్ను నఖశిఖపర్యంతం చూసి, ఇంత చదివి తెలియదా అన్నట్టు కర్ర నేలకు తాటించి వెనక్కి పోయాడు. కొన్నాళ్లు ఆ ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి, తిట్లు కూడా. తరవాత తగ్గాయి. తరవాత ఆగిపోయాయి. ఫ్యూజు పోవట్లేదని లైన్‌మన్ చెప్పాడు. ఎట్లా కుదుర్చుకున్నారో కనుక్కు రమ్మని ఏడీఈ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. వెళ్తానని చెప్పి వెళ్లలేదు. కనుక్కుంటే మేం దానికి ఒక పేరు పెట్టి, మూడో ఊరికి పట్టుకుపోయేవాళ్లం. ఆ ఊళ్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.